గ్రో రూమ్‌లోకి వచ్చే గాలి అసలు ఎటు నుంచి వస్తోంది?

ఇంట్లో లైట్ల కింద మొక్కలు పెంచే గదినే గ్రో రూమ్ అంటారు. నా గ్రో రూమ్‌లోకి గాలి వచ్చే కన్నానికి బిగించిన ఫిల్టర్ ఊడదీసి లైటు కింద పట్టుకున్నా. బయటి వైపు అనుకున్నట్టే బూడిద రంగుకి తిరిగిపోయింది, మడతల మధ్య దుమ్ము దూదిలా పేరుకుంది, రెండు చిన్న దోమలు ఇరుక్కుని ఎండిపోయాయి. అది బానే ఉంది, దాని పనే అది. తిప్పి లోపలి వైపు చూసా. మధ్యలో అంతా కొత్తదానిలా తెల్లగా ఉంది కానీ ఫ్రేమ్ కింది అంచు వెంబడి, ఈ మూల నుంచి ఆ మూల దాకా, పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్లటి గీత. వేలితో రాస్తే మసిలా అంటుకుంది. ఫిల్టర్ గుండా రాకుండా దాని పక్క నుంచి దూరి వచ్చిన గాలి గీసిన గీత అది. అంతకుముందు చాలా నెలలు నేను ఫిల్టర్ గ్రేడు గురించే బుర్ర పాడు చేసుకున్నా, ఇంకా మంచిది కొనాలా, ఇంకా మందంది వెయ్యాలా అని. ఆ గీత చూసాక తెలిసింది, నేను అడగాల్సిన ప్రశ్న అది కాదని.

నా గ్రో రూమ్ పెద్దదేం కాదు. రెండున్నర మీటర్ల పొడవు, మీటరు ముప్పావు వెడల్పు ఉన్న చిన్న గది, లోపల 10 క్యూబిక్ మీటర్ల పైచిలుకు గాలి పడుతుంది. 300 వాట్ల ఎల్‌ఈడీ లైట్లు, ఒక అరలో లెట్యూస్, ఇంకో అరలో స్ట్రాబెర్రీ, కింద మిరప, క్యాప్సికమ్ నారు ట్రేలు. మొదట్లో గాలి గురించి అసలు ఆలోచించలేదు, పైన ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టి కింద ఒక కన్నం వదిలేసా. తామర పురుగులు వచ్చాక ఆ కన్నానికి ఫిల్టర్ బిగించా. హెపా ఫిల్టర్, మార్కెట్లో దొరికే వాటిలో గట్టిది. బిగించిన రెండు నెలలకి మళ్ళీ తామర పురుగులు వచ్చాయి.

వాటిని ఎప్పుడూ దగ్గరగా చూడని వాళ్ళకోసం చెప్తా. స్ట్రాబెర్రీ ఆకు తిప్పితే ఈనె పక్కన వెండి పూత పూసినట్టు మెరిసే చారలు కనిపిస్తాయి, ఆ చారల మీద మిరియప్పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు, అవి దాని రెట్టలు. పురుగు మాత్రం కంటికి సరిగ్గా ఆనదు. పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం పెట్టి ఊపిరి బిగబట్టి చూస్తే లేత పసుపు రంగులో, బియ్యపు నూకకన్నా సన్నగా, ఒక గీత ముక్క కదులుతూ కనిపిస్తుంది. ఆకు మీద మెల్లగా ఊదితే ఒక్కసారి పరిగెడుతుంది. గుడ్లు ఆకు కండలోకి దించి పెడుతుంది కాబట్టి మందు కొట్టినా వాటికి తగలదు, పిల్లలు పెరిగాక చాలావరకు మట్టిలోకి రాలి అక్కడ ప్యూపా అవుతాయి, వెచ్చగా ఉండే గదిలో రెండు వారాలకల్లా కొత్త తరం రెడీ. పైగా వైరస్ మోసుకొస్తాయి, టమాటాకి, మిరపకి వచ్చే మచ్చల వైరస్సులు కొన్ని వీటి ద్వారానే పాకుతాయి. మిరప నారు ఆకులు పైకి ముడుచుకుంటూ ఉంటే నాకు గుండె జారిపోతుంది.

సరే, గాలి లెక్క. గదిలో లైట్లకి పెట్టిన కరెంటు దాదాపు మొత్తం చివరికి వేడిగానే మారుతుంది. ఆ వేడిని గాలితో బయటికి పంపాలంటే గంటకి ఎన్ని క్యూబిక్ మీటర్లు కావాలో సులువుగా లెక్కెయ్యొచ్చు, వాట్లని మూడుతో హెచ్చించి, బయటికన్నా లోపల ఎన్ని డిగ్రీలు ఎక్కువ ఉన్నా పర్లేదనుకుంటామో ఆ అంకెతో భాగించడమే. నాకు 300 వాట్లు, 5 డిగ్రీలు, అంటే గంటకి 180. మొక్కలు వదిలే నీటి ఆవిరి కొంత వేడిని తీసుకుంటుంది, అది లెక్కలో వదిలేసా, ఎలాగూ కొంచెం ఎక్కువ గాలి ఉంటేనే మంచిది. ఇప్పుడు ఆ 180ని రోజుకి 16 గంటల లైటు టైముతో హెచ్చించండి, 2880 వస్తుంది. దాదాపు మూడు వేల క్యూబిక్ మీటర్ల బయటి గాలి, ప్రతి రోజూ, పది క్యూబిక్ మీటర్ల గదిలోంచి వెళ్తోంది. ఈ లెక్క చేసేదాకా నాకు విషయం తలకెక్కలేదు. బయట గాలిలో ఏది ఎంత తక్కువ ఉన్నా సరే, రోజుకి అంత గాలి తోడితే అది మన గదిలోకి వచ్చి తీరుతుంది.

ఏం వస్తాయి అంటే పెద్దవాటి నుంచి చెప్పుకుందాం. పురుగుల్ని వలతో ఆపాలంటే కన్ను ఎంత చిన్నది ఉండాలో గ్రీన్‌హౌస్ వాళ్ళు వాడే కొలతలు ఉన్నాయి. ఆకు తొలిచే పురుగు ఈగకి 0.64 మిల్లీమీటర్లు, పేనుబంకకి 0.34, తెల్లదోమల్లో చిన్న రకానికి 0.24 దగ్గర, తామర పురుగుకి 0.19. మామూలు కిటికీ దోమతెర కన్ను ఒక మిల్లీమీటరు పైనే ఉంటుంది, అంటే తామర పురుగుకి అది బార్లా తెరిచిన గేటు. చాలామంది ఇన్‌టేక్, అంటే గాలి లోపలికి వచ్చే పైపు మూతికి ఆడవాళ్ళ స్టాకింగ్ తొడిగి రబ్బర్ బ్యాండ్ వేస్తారు, నేనూ వేసా. దుమ్ము కొంత ఆపుతుంది, నిజమే. కానీ సాగదీసిన చోట దాని కళ్ళు విచ్చుకుంటాయి, లైటు ముందు పెట్టి భూతద్దంలో చూస్తే తెలిసిపోతుంది. పురుగుల కోసం అయితే దాని మీద నమ్మకం పెట్టుకోవద్దు.

పురుగుల కింద మొదలయ్యేది తెగుళ్ళ స్పోర్ల ప్రపంచం, స్పోర్లంటే బూజులు గాలిలోకి వదిలే విత్తనాల్లాంటివి. అక్కడ మిల్లీమీటర్లు వదిలేసి మైక్రాన్లలో మాట్లాడాలి, మిల్లీమీటర్లో వెయ్యో వంతు. బూడిద తెగులు స్పోర్లు సుమారు 30 మైక్రాన్ల పొడవుంటాయి. స్ట్రాబెర్రీ పళ్ళ మీద బూడిద రంగు బూజు తెచ్చే బొట్రైటిస్ స్పోరు 10 మైక్రాన్ల దగ్గర. రొట్టె మీద, గోడ మీద పెరిగే మామూలు బూజుల స్పోర్లు చాలావరకు 2 నుంచి 5. బూడిద తెగులు గురించి ఒక మాట, దానికి ఆకు తడిగా ఉండక్కర్లేదు, చాలామంది నీళ్ళు పడకపోతే తెగుళ్ళు రావనుకుంటారు కానీ ఇది పొడి ఆకు మీదే మొలుస్తుంది, గాలిలో కాస్త తేమ ఉంటే చాలు, ఒక్క తెల్ల మచ్చ పడితే వారం లోపే అది కొత్త స్పోర్లు వదలడం మొదలెడుతుంది. అందుకే మొదటి స్పోరుని గుమ్మం దగ్గరే ఆపడం మీద నాకింత పట్టుదల.

ఈ సైజులు మనసులో పెట్టుకుంటే ఫిల్టర్ గ్రేడు ఎంచుకోవడం సులువైపోతుంది, ఇక్కడే నేను మొదట్లో దారి తప్పింది. హెపా అంటే 0.3 మైక్రాన్ల కణాల్ని 99.97 శాతం పట్టేది. 1940లలో అణుబాంబు తయారీ ప్రాజెక్టులో రేడియోధార్మిక ధూళిని ఆపడానికి పుట్టిన టెక్నాలజీ అది. 0.3 అనే అంకె ఎందుకంటే అంతకన్నా చిన్నవి జారిపోతాయని కాదు, ఫిల్టర్‌కి పట్టుకోవడం అన్నిటికన్నా కష్టమైన సైజు అదే. ఫిల్టర్ అనగానే మనం జల్లెడ అనుకుంటాం కానీ దాని పోగుల మధ్య సందులు 0.3 కన్నా చాలా పెద్దవి. పెద్ద కణాలు బరువు వల్ల గాలితో పాటు మలుపు తిరగలేక పోగుకి గుద్దుకుని అతుక్కుంటాయి, మరీ చిన్నవి గాలి అణువుల దెబ్బలకి అటూ ఇటూ అల్లాడుతూ ఏదో ఒక పోగుకి తగులుతాయి, మధ్య సైజువి ఈ రెండిటికీ సరిగ్గా దొరకవు. అందుకని ఆ కష్టమైన సైజు దగ్గరే పరీక్ష పెడతారు.

మన శత్రువులు 10, 30 మైక్రాన్ల వాళ్ళు. వాళ్ళ కోసం హెపా దాకా వెళ్ళక్కర్లేదు అనేది ఇప్పుడు నా గట్టి అభిప్రాయం. ఫిల్టర్ ఎంత పడుతుందో చెప్పే మెర్వ్ స్కేలులో 13 గ్రేడు ఫిల్టర్ 3 నుంచి 10 మైక్రాన్ల మధ్య కణాల్ని కనీసం 90 శాతం, 1 నుంచి 3 మధ్యవాటిని కనీసం 85 శాతం పట్టాలి. మెర్వ్ 8 అయితే 3 నుంచి 10 మధ్యలో 70 శాతం. పాత యూరప్ లెక్కలో ఎఫ్7 అనేవాళ్ళు, 2016లో వచ్చిన ఐఎస్‌ఓ 16890 అనే ప్రమాణం తర్వాత ఈపీఎం1, ఈపీఎం2.5 అని, అంటే అన్ని మైక్రాన్ల లోపు కణాల్ని ఎంత శాతం పడుతుందో రాస్తున్నారు, ఈపీఎం1 50 శాతం పైన అని రాసి ఉంటే అటూ ఇటూగా మెర్వ్ 13 లాంటిదే. పుట్టగొడుగుల స్పాన్ (విత్తనం) చేసేవాళ్ళకి, టిష్యూ కల్చర్ చేసేవాళ్ళకి హెపా తప్పదు, వాళ్ళకి ఒక్క బూజు స్పోరు పడ్డా సీసా మొత్తం పోతుంది. ఆకుకూరకి, స్ట్రాబెర్రీకి మెర్వ్ 13 చాలు, కానీ అది నిజంగా మొత్తం గాలికి అడ్డంగా ఉండాలి. ఈ చివరి మాట దగ్గరే అంతా ఉంది.

హెపా పెట్టిన ఆ నెలల్లో ఏం జరిగిందో ఇప్పుడు చెప్తా. 30 బై 30 సెంటీమీటర్ల ఫిల్టర్ కింద, పైన ఎగ్జాస్ట్ ఫ్యాన్. ఇన్‌టేక్‌కి ఫ్యాన్ లేదు, ఎగ్జాస్ట్ లాగితే ఫిల్టర్ గుండా గాలి వస్తుందని నా ఊహ. ఎగ్జాస్ట్ లాగుతుంది కాబట్టి గది మొత్తం లోపలికి పీల్చే స్థితిలో ఉంటుంది, దాన్నే నెగెటివ్ ప్రెజర్ అంటారు. గాలికి మాత్రం ఫిల్టర్ గుండానే రావాలన్న నియమం ఏమీ లేదు కదా. నీరు పల్లమెరుగు అంటారు, గాలి సందెరుగు. నా గది తలుపు కింద ఒక సెంటీమీటరు సందు ఉంది, తలుపు వెడల్పు 80 సెంటీమీటర్లు. అంటే 80 చదరపు సెంటీమీటర్ల కన్నం. నా ఎగ్జాస్ట్ డక్ట్ 150 మిల్లీమీటర్ల పైపు, దాని మూతి 177 చదరపు సెంటీమీటర్లు. డక్ట్ మూతిలో దాదాపు సగం అంత కన్నం ఏ అడ్డూ లేకుండా తలుపు కింద తెరుచుకుని ఉంటే, గాలి మందపాటి హెపా మడతల్లోంచి కష్టపడి ఎందుకొస్తుంది? లెక్క వేస్తే గది 10 పాస్కల్స్, అంటే ఒక మిల్లీమీటరు నీటి ఒత్తిడి అంత, లాగినా చాలు, ఆ ఒక్క సందులోంచి గంటకి 70 క్యూబిక్ మీటర్ల దాకా వచ్చేస్తుంది. ఇంక వైర్లు వెళ్ళే కన్నాలు, స్విచ్ బోర్డు వెనక, గోడకీ సీలింగ్‌కీ మధ్య గీత అన్నీ కలుపుకుంటే, ముందు గుమ్మానికి పెద్ద తాళం వేసి పెరటి తలుపు తీసి పెట్టినట్టే.

తలుపు లోపలి వైపు కూర్చుని నేల చూసా ఆ రోజు. తలుపు కింద నుంచి గదిలోకి దువ్వెన పళ్ళలాగా దుమ్ము చారలు, ఒక జానెడు దూరం దాకా. నెలల తరబడి అక్కడే ఉన్నాయి, రోజూ వాటి మీద కాలేసి నడిచా.

గది బదులు గుడ్డ టెంట్‌లో పెంచేవాళ్ళకి ఇది ఇంకా తేలికగా తెలుస్తుంది, ఎగ్జాస్ట్ ఆన్ చెయ్యగానే టెంట్ గోడలు లోపలికి పీల్చుకుపోతే అది నెగెటివ్, జిప్పుల కుట్ల దగ్గర నుంచి, పైపులు దూర్చే గొట్టాల దగ్గర నుంచి అంతా ఫిల్టర్ కాని గాలే వస్తోంది. గోడలు కాస్త బయటికి ఉబ్బితే పాజిటివ్. వాసన బయటికి రాకూడదనుకునేవాళ్ళు నెగెటివ్ కోరుకుంటారు, ఎందుకంటే అప్పుడు ఉన్న గాలంతా ఎగ్జాస్ట్ దగ్గర కార్బన్ ఫిల్టర్ గుండానే పోతుంది. శుభ్రమైన గాలి కావాలనుకునేవాళ్ళకి సరిగ్గా దానికి ఎదురు కావాలి, బలం ఇన్‌టేక్ వైపు ఉండాలి, సందులు ఎన్ని ఉన్నా వాటి గుండా గాలి బయటికే పోవాలి. రెండూ ఒకే గదిలో ఒకేసారి కుదరవు, ఏది ముఖ్యమో తేల్చుకోవాలి. నా మొక్కలకి వాసన గొడవ లేదు కాబట్టి నాకు తేల్చుకోవడం కష్టం కాలేదు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది, పాజిటివ్ గది తన తేమ గాలిని గోడ పగుళ్ళలోకి తోస్తుంది, బయట బాగా చలిగా ఉండే చోట్ల ఆ తేమ గోడ లోపల నీరుగా మారి బూజు పట్టొచ్చు. అందుకని సందులు పూడ్చడం ఎలాగూ తప్పదు.

అప్పుడు మొత్తం మార్చా. ఎగ్జాస్ట్ ఫ్యాన్ పీకేసి అదే ఫ్యాన్‌ని ఇన్‌టేక్‌కి తెచ్చా, ఎగ్జాస్ట్ ఉత్త కన్నం అయింది. ఫిల్టర్ ఫ్యాన్‌కి ముందు పెట్టాలా వెనక పెట్టాలా అన్నది చాలా చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ నా దృష్టిలో ఈ పనంతటిలో అదే అసలైన నిర్ణయం. ఫిల్టర్ ముందు, ఫ్యాన్ వెనక ఉంటే, ఆ రెండిటి మధ్య పైపు పీల్చే స్థితిలో ఉంటుంది. ఆ జాయింట్లలో ఎక్కడ చిన్న చిల్లు ఉన్నా ఫిల్టర్ కాని గాలి లోపలికి దూరి నేరుగా మొక్కల దగ్గరికి వస్తుంది. అదే ఫ్యాన్ ముందు ఉండి ఫిల్టర్‌లోకి తోస్తుంటే, మధ్యలో చిల్లు ఉన్నా మురికి గాలి బయటికే పోతుంది, ఫిల్టర్ దాటాక ఉన్నదంతా శుభ్రమైన గాలే. అంటే నా టేపింగ్‌లో తప్పులున్నా మొక్కలకి నష్టం లేదు. ఈ పద్ధతి పనికి రావాలంటే ఫ్యాన్, దాని పైపు జాయింట్లు గది బయట ఉండాలి, లోపల ఉంటే ఆ కారే మురికి గాలి గదిలోకే కదా పోయేది. అలాగే ఫ్యాన్ రెక్కల మీద దుమ్ము పేరుకోకుండా దాని ముందు ఒక ముతక ప్రీ ఫిల్టర్, దానికి ముందు 0.19 మిల్లీమీటర్ల లోపు కన్ను ఉన్న వల. వలని పైపు మూతి సైజులో కాకుండా ఒక పెద్ద డబ్బా చట్రానికి అన్ని వైపులా చుట్టా, ఎందుకంటే అంత సన్నటి కన్ను గాలిని బాగా అడ్డుకుంటుంది, వైశాల్యం పెంచితేనే ఊపిరాడుతుంది.

వైశాల్యం గురించి ఇంకాస్త చెప్పాలి. ఫిల్టర్ పోగుల మధ్య గాలి చాలా మెల్లగా కదులుతుంది కాబట్టి అక్కడ అడ్డంకి వేగానికి తగ్గట్టే పెరుగుతుంది, తగ్గుతుంది. అదే గాలిని రెండింతల వైశాల్యం ఉన్న ఫిల్టర్ గుండా పంపితే వేగం సగం, అడ్డంకి దాదాపు సగం. పైగా దుమ్ము రెండింతల చోట పరుచుకుంటుంది కాబట్టి ఫిల్టర్ రెండింతల కన్నా ఎక్కువ కాలమే వస్తుంది. ఫ్యాన్ డబ్బా మీద రాసే అంకె మాత్రం ముందు ఏ అడ్డూ లేనప్పటిది. గాలి వేగం కొలిచే అనెమోమీటర్‌తో పాత సెటప్‌లో డక్ట్ చివర కొలిచినప్పుడు సెకనుకి 1.8 మీటర్లు వచ్చింది, 150 మిల్లీమీటర్ల పైపులో అది గంటకి 115 క్యూబిక్ మీటర్ల దగ్గర. నాకు కావాల్సింది 180. లోపల టెంపరేచర్ బయటికన్నా 8 డిగ్రీలు ఎక్కువ ఎందుకుంటోందో అప్పుడు అర్థమైంది, 300 వాట్లని మూడుతో హెచ్చిస్తే వచ్చే 900ని 115తో భాగిస్తే వచ్చేది దాదాపు అదే. ఇప్పుడు ఫిల్టర్ 60 బై 60, మడతలది, మెర్వ్ 13, ఫ్యాన్ అదే, పైపులో వేగం 3 మీటర్లు. కొత్త ఫ్యాన్ కొనలేదు, డక్ట్ మార్చలేదు. ఒక మాట, సన్నటి చదునైన యాక్సియల్ ఫ్యాన్లు, కంప్యూటర్లలో ఉండేలాంటివి, ఏ ఫిల్టర్ ముందైనా చేతులెత్తేస్తాయి, పైపు మధ్యలో బిగించే మిక్స్‌డ్ ఫ్లో లేదా సెంట్రిఫ్యూగల్ రకం అయితేనే ప్రెజర్ తట్టుకుంటాయి.

ఫ్యాన్ మూతికీ ఫిల్టర్‌కీ మధ్య ఖాళీ వదలాలి, లేకపోతే గాలి ధార మధ్యలోనే కొట్టి ఫిల్టర్ మధ్య భాగం మాత్రమే నల్లబడుతుంది. నేను ప్లైవుడ్‌తో అడుగున్నర లోతు డబ్బా చేసా, ఒక వైపు పైపు, ఎదురు వైపు ఫిల్టర్, గాలి తన్నుకోవడానికి మధ్యలో చిన్న అడ్డ పలక. ఫ్రేమ్ కూర్చునే అంచు మొత్తం గాలి చొరని క్లోజ్డ్ సెల్ ఫోమ్ పట్టీ అతికించా, నాలుగు మూలలా స్క్రూలతో ఫోమ్ సగం మందానికి నలిగేదాకా బిగించా. మొదట్లో మూలల దగ్గర ఫోమ్ పట్టీల చివర్లు ఒకదానికొకటి ఆనలేదు, ఆ రెండు మిల్లీమీటర్ల ఖాళీ దగ్గరే మళ్ళీ నల్లగా వచ్చింది, తర్వాత మూలల్లో పట్టీలని కోణంగా కోసి సిలికాన్ పెట్టా. జాయింట్లకి అల్యూమినియం ఫాయిల్ టేపు వాడండి, గుడ్డ టేపు ఫ్యాన్ వేడికీ తేమకీ జిగురు వదిలేసి ఊడొస్తుంది. ఫ్రేమ్ మీద గాలి దిశకి బాణం గుర్తు ఉంటుంది, దాన్ని చూసి పెట్టండి.

గది నిజంగా పాజిటివ్‌లో ఉందా లేదా చూడ్డానికి పెద్ద పరికరం అక్కర్లేదు. సన్నటి టిష్యూ కాగితం పీలిక ఒకటి తలుపు సందు దగ్గర, వైరు కన్నం దగ్గర పట్టుకుంటే ఏ వైపు ఊగుతుందో చెప్పేస్తుంది. సందులు వెతకడానికి రాత్రి బయట లైట్లు వేసి, లోపల చీకటి చేసి, పది నిమిషాలు కళ్ళు అలవాటు పడనిచ్చి చూడండి, నేను అనుకోని మూడు చోట్ల వెలుతురు కనిపించింది. ఫిల్టర్ ఎంత మూసుకుపోయిందో చూడ్డానికి మాత్రం యు ఆకారంలో వంచిన ట్రాన్స్‌పరెంట్ పైపులో రంగు నీళ్ళు పోసి ఒక చివర ఫిల్టర్‌కి ముందు, ఇంకో చివర వెనక పెట్టా. ఒక మిల్లీమీటరు నీటి తేడా అంటే సుమారు 10 పాస్కల్స్. మిల్లీమీటర్లు చదవడం కష్టమైతే ఒక కాలుని పదికి ఒకటి వాలుగా పడుకోబెడితే అదే తేడా పది రెట్లు సాగి కనిపిస్తుంది. కొత్త ఫిల్టర్‌కి నాలుగు మిల్లీమీటర్లు చూపించింది, పది దాటితే మార్చాలని గీత గీసి పెట్టుకున్నా. క్యాలెండర్ చూసి మార్చడం మానేసా, దుమ్ము రోజుల్లో త్వరగా నిండుతుంది, వానల్లో అస్సలు నిండదు.

వానల మాట వచ్చింది కాబట్టి, తడిసిన ఫిల్టర్ అంత ప్రమాదం ఇంకోటి లేదు. పట్టుకున్న స్పోర్లన్నీ అక్కడే ఉన్నాయి, దుమ్ము తిండిగా ఉంది, తేమ తోడైతే ఫిల్టరే బూజు తోట అవుతుంది. ఇన్‌టేక్ మూతి నేలకి తిరిగి ఉండాలి, పైన గొడుగులాంటి రేకు ఉండాలి, నేల నుంచి కనీసం మనిషి నడుం ఎత్తులో ఉండాలి, రాలిన ఆకుల గుట్టకీ, కంపోస్టుకీ, గడ్డి కోసే చోటుకీ దూరంగా ఉండాలి. ప్రీ ఫిల్టర్ కడుక్కోవచ్చు, పూర్తిగా ఆరాకే పెట్టాలి. అసలు ఫిల్టర్ కడగొద్దు. చాలా ఫిల్టర్లు పోగుల మీద ఉన్న స్టాటిక్ చార్జ్‌తో కణాల్ని లాక్కుంటాయి, స్పిరిట్‌తోనో సబ్బు నీళ్ళతోనో కడిగితే ఆ చార్జ్ పోతుంది, చూడ్డానికి తెల్లగా ఉంటుంది కానీ లోపల పని తగ్గిపోతుంది.

ఫిల్టర్ వేస్తే కార్బన్ డయాక్సైడ్ ఆగిపోదా అని నన్ను అడిగినవాళ్ళున్నారు. ఆగదు, అది వాయువు, బయట గాలిలో ఉన్న 420 పీపీఎం చిల్లర అలాగే లోపలికి వస్తుంది. గాలి మొత్తం తగ్గితేనే మొక్కకి తగ్గుతుంది. అలాగే కార్బన్ ఫిల్టర్ ఇన్‌టేక్‌కి పెడితే స్పోర్లు ఆగుతాయని అనుకోవద్దు, దాని పని వాసనలు, కొన్ని రసాయన ఆవిర్లు పట్టడం, పళ్ళు పండించే ఇథిలీన్‌ని కూడా మామూలు కార్బన్ సరిగ్గా పట్టుకోదు. ఓజోన్ మిషన్ జోలికి అస్సలు వెళ్ళకండి, ఆకుల్ని కాల్చేస్తుంది, మన ఊపిరితిత్తులకీ మంచిది కాదు.

ఎగ్జాస్ట్ కన్నం గురించి ఒకటి మర్చిపోయా. ఫ్యాన్ ఆగిన గంటల్లో అది ఉత్త తలుపే, పురుగులు అటు నుంచి నడిచి వస్తాయి. దానికీ అదే సన్నటి వల, ఫ్యాన్ ఆగగానే తనంతట తాను పడిపోయే పలచటి రేకు మూత ఉండాలి. నేనైతే రాత్రి కూడా ఫ్యాన్ పూర్తిగా ఆపను, కనీస స్పీడులో తిరుగుతూనే ఉంటుంది.

ఇంతా చేసాక ఫిల్టర్ ఆపలేనివి మిగిలాయి, అవి నాతోనే వస్తాయి. తోటలోంచి వచ్చి అదే చొక్కాతో గదిలోకి వెళ్తే ఎర్రనల్లి, తామర పురుగు రెండూ నా భుజం మీద ఎక్కి వస్తాయి. కొత్త మొక్క ఎవరైనా ఇస్తే రెండు వారాలు వేరే గదిలో ఉంచి, ఆకు వెనక భూతద్దంతో చూసాకే లోపలికి. గదిలోకి పొద్దున్నే వెళ్తా, బయట మొక్కల దగ్గరికి ఆ తర్వాతే. కుండీ మట్టి సంచుల్లో ఫంగస్ నాట్స్ అనే చిన్న నల్ల ఈగలు దాగి రావొచ్చు, అలా వచ్చేవాటికి గాలి దారితో సంబంధమే లేదు.

మొక్కల ఎత్తులో రెండు జిగురు అట్టలు వేలాడదీసా, తామర పురుగులకి నీలం, మిగతావాటికి పసుపు, ప్రతి ఆదివారం లెక్కపెట్టి తారీఖు రాసుకుంటున్నా. ఫిల్టర్ డబ్బా పెట్టాక నాలుగు నెలలుగా నీలం అట్ట మీద తామర పురుగు ఒక్కటి కూడా పడలేదు. ఈ వారం పసుపు అట్ట మీద మూడు ఫంగస్ నాట్స్ ఉన్నాయి, కొత్త మట్టి సంచి విప్పింది గురువారం.